వాడకపోతే వదులయ్యే బ్రేకు

పాత పికప్ ట్రక్కులో హ్యాండ్ బ్రేకు సరిగా పట్టకపోతే చాలామంది ముందుగా బండి కిందికి దూరి కేబుల్ నట్టు బిగిస్తారు. పానా తిప్పడం తేలిక. హ్యాండిల్ బిగువుగా రావడంతో ఫలితం కూడా వెంటనే చేతికి తెలుస్తుంది. కొన్నాళ్లకు వాలులో నిలిపిన బండి మళ్లీ మెల్లగా జారుతుంది, మళ్లీ నట్టు బిగిస్తారు. అలా బిగిస్తూ పోతే చివరికి బిగించడానికి మర మిగలదు, బ్రేకు మాత్రం బాగుపడదు. చాలాసార్లు లోపం ఉండేది వెనక చక్రాల డ్రమ్ముల్లో, లోపలి నుంచి నొక్కే షూలకూ డ్రమ్ముకూ మధ్య పెరిగిపోయిన సందులో. కేబుల్ ఆ లోపాన్ని చేతిదాకా మోసుకొస్తుందంతే.

ఆ సందు ఎంత చిన్నదో, అది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. 1,500 కిలోల ట్రక్కు నూటికి 20 వాలులో, అంటే 100 మీటర్ల దూరానికి 20 మీటర్లు ఎక్కే దారిలో నిలబడి ఉందనుకుందాం. దాన్ని కిందికి లాగే బలం దాదాపు 300 కిలోల బరువుతో సమానం. టైరు వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్ధం 13 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. టైరు అంచున 300 కిలోలను ఆపాలంటే డ్రమ్ముల లోపలి గోడ మీద మొత్తం 800 కిలోలకు సమానమైన రాపిడి పుట్టాలి. షూల మీది లైనింగు ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, రెండు చక్రాల్లోని నాలుగు షూలూ కలిసి రెండు టన్నుల బలంతో డ్రమ్ములను నొక్కాలి. మనిషి చెయ్యి ఇచ్చేది మహా అయితే 40 కిలోలు. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా కార్ల చేతి బ్రేకుకు 400 న్యూటన్లకు మించి బలం అవసరం కాకూడదంటాయి. అంటే చేతి బలాన్ని 50 రెట్లు పెంచాలి.

ఆ పని లివర్లు చేస్తాయి. అయితే లివరు బలాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో కదలికను అన్ని రెట్లు తగ్గిస్తుంది. హ్యాండిల్ 15 సెంటీమీటర్లు బయటికొస్తే అవతలి కొసన దక్కేది 3 మిల్లీమీటర్లు. దాన్ని నాలుగు షూలూ పంచుకుంటే ఒక్కోదానికి ముప్పావు మిల్లీమీటరు వస్తుంది. డ్రమ్ము తిరగబోయినప్పుడు ఒక షూ తనంతట తానే మరికాస్త బిగుసుకుని సాయపడుతుంది, కేబుల్ సాగడంలో కొంత కదలిక వృథా అవుతుంది. అవి కలిపినా లెక్క తీరు మారదు. సరిగ్గా అమర్చిన డ్రమ్ములో ఈ సందు ఒక్కో వైపు 0.3 మిల్లీమీటర్లు. లైనింగు అరిగి అది 0.8కి చేరితే హ్యాండిల్ చివరిదాకా వచ్చినా షూ డ్రమ్మును తాకదు. అర మిల్లీమీటరు తేడాతో ఉన్న బ్రేకు లేనట్టే అయిపోతుంది.

మోటారు బళ్ల తొలినాళ్లలో చేతి బ్రేకు ఇప్పటిలా చిన్న స్థానంలో లేదు. అంతకు ముందు గుర్రపు బళ్ల మీద పొడవాటి లివరు లాగి చెక్క దిమ్మను చక్రం అంచుకు ఒత్తేవారు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ తొడుగులో కదిలే తీగకు బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. స్ప్రింగుల మీద ఎగిరిపడే ఇరుసుకు మలుపులు తిరుగుతూ లాగుడును అందించడం దానివల్ల సులువైంది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు రూపమిచ్చాడు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో కాలితో తొక్కే బ్రేకు గేరుపెట్టెలోని పట్టీని బిగించేది. వెనక చక్రాల డ్రమ్ములను నేరుగా పట్టుకునేది చేతి లివరే. ఇరుసు భాగాల్లో ఏదైనా విరిగితే ఆ డ్రైవరుకు మిగిలే దిక్కు అదొక్కటే.

1921 నాటి డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారుతో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. గొట్టాల్లోని ద్రవం పాదం ఒత్తిడిని అన్ని చక్రాలకూ చేరవేసింది, పెడలే రాజైంది. ఫోర్డ్ సంస్థ మాత్రం 1939 మోడళ్ల దాకా కడ్డీలనూ తీగలనూ వదల్లేదు. పెడల్‌కు హైడ్రాలిక్స్ వచ్చినా చేతి బ్రేకును తీగతోనే, విడిగానే ఉంచారు. రాత్రంతా బండిని ఆపి ఉంచాలంటే ద్రవం మీద ఒత్తిడి అంతసేపు నిలుస్తుందన్న భరోసా లేదు, ఎక్కడో ఒక చుక్క కారితే పట్టు పోతుంది. పైగా ఒకే మార్గంలో ద్రవం నడిచే ఆ కాలపు బళ్లలో ఒక గొట్టం పగిలితే పెడల్ మొత్తం చచ్చుబడేది. అమెరికాలో 1960ల చివర్లో రెండు మార్గాల హైడ్రాలిక్ పద్ధతి తప్పనిసరి అయ్యేదాకా ఆ ఆపదలో చేతి బ్రేకే ఆధారం.

మన దేశంలో మహీంద్రా తయారుచేసిన విల్లీస్ జీపు సీజే-3బీది మరో దారి. దాని చేతి బ్రేకు చక్రాల్లో ఉండదు. ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉన్న చిన్న డ్రమ్మును పట్టుకుంటుంది. ఇరుసులోని 5.38 గేరు నిష్పత్తి బ్రేకు బలాన్ని అన్ని రెట్లు పెంచి చక్రాలకు అందిస్తుంది కాబట్టి చిన్న డ్రమ్మే చాలు. కానీ దీనిలో పెద్ద ప్రమాదం ఒకటుంది. జాకీతో ఒక వెనక చక్రం లేపితే, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీది చక్రం మరోవైపు తిరగగలవు. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా జీపు జాకీ మీంచి కదిలిపోతుంది. పాత జీపు చక్రం విప్పేవాళ్లు మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టకుండా పని మొదలుపెట్టకూడదు.

ఇక మొదట చెప్పుకున్న పికప్ సంగతి. మిగతా ప్రపంచంలో హైలక్స్ అని పిలిచే టయోటా పికప్పులు 1980, 90లలో అమెరికాలో విరివిగా అమ్ముడుపోయాయి. వాటిలో ఇప్పటికీ తిరుగుతున్నవి ఉన్నాయి. స్టీరింగు దగ్గర డ్యాష్ కింద హ్యాండిల్ ఉంటుంది. లాగితే టిక్కు టిక్కుమని నిలుస్తుంది, మెలితిప్పితే వదులుతుంది. వెనక డ్రమ్ముల్లో షూల మధ్య పళ్ల చక్రమున్న సర్దుబాటు మర ఒకటి ఉంటుంది. షూలు అరిగేకొద్దీ అది ఒక్కో పన్ను తిరిగి సందు మూస్తుంది. ఎప్పుడు తిరుగుతుందన్నదే అసలు విషయం. అమెరికన్ ట్రక్కుల డ్రమ్ముల్లో ఎక్కువగా రివర్సులో వెళ్తూ పెడల్ తొక్కినప్పుడు తిరుగుతుంది. ఈ టయోటాల్లో హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు తిరుగుతుంది.

ఈ అమరిక నాకు ఎంతో నచ్చుతుంది. రోజూ చేసే పనిలోనే మరమ్మతును ఇమిడ్చిన ఇంజనీరు తెలివి అది. అయితే బండి నడిపేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే అదే లోపంగా మారుతుంది. మైదానపు ఊళ్లో ఉండి, గేరులోనో, ఆటోమేటిక్ అయితే పార్కింగులోనో వదిలేసి దిగిపోయేవాడు హ్యాండిల్ ముట్టుకోడు. షూలు అరుగుతూనే ఉంటాయి, పళ్ల చక్రం కదలదు, సందు పెరుగుతుంది. ఎప్పుడో ఒక రోజు వాలులో అవసరపడి లాగితే బ్రేకు అందదు. అప్పుడు కేబుల్ బిగిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. బిగుసుకున్న కేబుల్ షూ మీది లివరును దాని విశ్రాంతి చోటికి పూర్తిగా వెళ్లనివ్వదు. అది వెనక్కి వెళ్లకపోతే తర్వాతి పన్ను అందుకోలేదు. ఉన్న సర్దుబాటు కూడా అక్కడితో ఆగిపోతుంది.

అందుకే వెతుకులాట చక్రం దగ్గర మొదలుపెట్టి హ్యాండిల్ వైపు రావాలి. దానికి ముందు డ్రైవరు సీట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. పెడల్ తొక్కి ఎంత లోతుకు పోయిందో గమనించండి. హ్యాండ్ బ్రేకు లాగి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ పైనే ఆగితే వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయనే అనుకోవచ్చు. తర్వాత ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక భాగం లేపి, స్టాండ్ల మీద నిలిపి డ్రమ్ములు విప్పాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి దుమ్ము లేపవద్దు. తడి గుడ్డతో తుడవాలి.

లోపల తడి కనిపిస్తే అది ఎక్కడిదో ముందు తేల్చాలి. వీల్ సిలిండరు నుంచి బ్రేకు ద్రవం కారవచ్చు, ఇరుసు ఆయిల్ సీలు పోయి గేరాయిల్ రావచ్చు. నూనె పీల్చిన లైనింగును ఎంత తుడిచినా నమ్మకూడదు, షూలు మార్చాల్సిందే. డ్రమ్ము అనుమతించిన గరిష్ఠ వ్యాసం చాలావరకు దాని మీదే ముద్రించి ఉంటుంది. 254 మిల్లీమీటర్ల డ్రమ్ముకు అది 256. అంతకు మించి అరిగితే కొత్త షూలు వేసినా లాభం లేదు.

తర్వాత చూడవలసింది డ్రమ్మును వెనకవైపు మూసే బ్యాక్ ప్లేటు వెనక ఉండే బెల్ క్రాంక్. ముందు నుంచి వచ్చిన కేబుల్ లాగుడును డ్రమ్ములోకి మళ్లించే చిన్న లివరు ఇది. చక్రం చిమ్మే బురదా, మంచు దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పూ నేరుగా దీని మీదే పడతాయి. రబ్బరు తొడుగు చిరిగితే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. నా లెక్కలో ఈ పికప్పుల హ్యాండ్ బ్రేకుకు సందు పెరగడం తర్వాత అతిపెద్ద శత్రువు ఇదే. విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టి, కొత్త తొడుగు వేస్తే మళ్లీ చాలాకాలం పనిచేస్తుంది. చేత్తో తిప్పి వదిలితే స్ప్రింగు దాన్ని తడుముకోకుండా వెనక్కి లాగాలి.

ఇవన్నీ అయ్యాక కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, పళ్ల చక్రం తిప్పి, డ్రమ్ము స్వల్పంగా రాసుకునేదాకా షూలను దగ్గరికి తెచ్చి కాస్త వెనక్కి తీయాలి. డ్రమ్ము బిగించి హ్యాండిల్‌ను పదే పదే లాగి వదిలితే మిగతా సందును బండే సర్దుకుంటుంది. ఆఖరున, తయారీదారు చెప్పిన టిక్కుల లెక్కకు వచ్చేలా కేబుల్ నట్టు బిగించాలి. మొదట చేతికొచ్చిన నట్టు వంతు ఇక్కడ, అన్నిటి చివర.

పరీక్ష కొద్దిపాటి వాలులో చేయాలి. టైరుకు జానెడు దూరంలో అడ్డు పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్ లాగి, పెడల్ మీంచి కాలు మెల్లగా తీయాలి. బండిని ఎదురు దిశలో నిలిపి కూడా చూడాలి, ముందుకు జారకుండా పట్టిన బ్రేకు వెనక్కి కూడా పడుతుందన్న హామీ లేదు. ఆ తర్వాత రోజూ దిగేముందు హ్యాండిల్ లాగుతుండాలి. ఒక్క చోట మాత్రం మినహాయింపు ఉంది. గడ్డకట్టే చలిలో తడిసిన బ్రేకును రాత్రంతా లాగి ఉంచితే షూలు డ్రమ్ముకు, తీగ తొడుగుకు అంటుకుపోవచ్చు. అలాంటి ఊళ్లలో రాత్రి బండిని గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టి, పగలు బ్రేకులు ఆరి ఉన్నప్పుడు హ్యాండిల్ నాలుగుసార్లు లాగి వదలాలి.