పెరటిలో యాసంగి కూరగాయలు: విత్తనము, అదను, పదును

వానలు వెనుకపట్టి, బతుకమ్మలు చెరువు నీటిలో కలిసి, తెల్లవారు గాలికి కొంత చల్లదనము వచ్చు దినములలో వరంగల్లు, హనుమకొండ ఇండ్ల పెరళ్ళలో విత్తనముల ముచ్చట మొదలగును. క్యాబేజీ, గోబీపువ్వు, గాజరగడ్డ, ముల్లంగి, బఠానీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర — ఇవన్నియు చల్లని వాతావరణమును కోరు కూరగాయలు. ఒకే వీధిలో ఒక ఇంట ఇవి నిండుగా పెరుగును. పక్క ఇంట మొలకయే కానరాదు. ఈ భేదమును మన పెద్దలు “హస్తవాసి” అందురు. ఆ మాటను కాదనవలసిన పని లేదు. కాని హస్తవాసి అనిపించు దానిలో చాల భాగము మూడు విషయముల ఎరుకయే. ఏ విత్తనము మన ఊరికి తగును? దానిని ఏ దినములలో వేయవలెను? నేలలో ఎంత తడి ఉండగా వేయవలెను? విత్తనము, అదను, పదును అను ఈ మూడింటిని ఎవరైనను నేర్చుకొనవచ్చును. విద్యార్థులు వీనిని నేర్చి తమ ఇండ్లకు చేర్చవలెనను కోరికతోనే ఈ వ్యాసము వ్రాయబడినది.

యాసంగి లెక్క

రైతు “యాసంగి” అనునది, ప్రభుత్వపు కాగితములలో “రబీ” అనునది ఒక్కటే. రబీ అరబ్బీ పదము. వసంతమని దాని అర్థము. వానలు తగ్గిన పిమ్మట విత్తి వసంతము నాటికి కోయు పంట గనుక ఆ పేరు వచ్చినది. ఖరీఫ్ అనగా శరత్తు. వానకాలమున విత్తి శరత్తులో ఇల్లు చేర్చు పంట అది.

చంద్రుని బట్టి నడచు హిజ్రీ సంవత్సరము సూర్య సంవత్సరము కంటె సుమారు 11 దినములు చిన్నది. అందువలన ఆ మాసములు ఒకే ఋతువులో నిలువవు. పంటకును, శిస్తుకును ఋతువును విడువని లెక్క కావలెను. నిజాము కాలపు హైదరాబాదు రాజ్యములో ఫసలీ సంవత్సరము వాడుకలో ఉండుటకు కారణమిదే. ఫసల్ అనగా పంట. ఆ సంవత్సరపు మొదటి మాసమగు ఆజుర్ అక్టోబరు మొదటి వారమున మొదలయ్యెడిది. తెలుగు రైతు చూచు కార్తెలును సూర్యుని బట్టి నడచునవే. సంవత్సరమునకు అవి 27. ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. హస్త కార్తె సెప్టెంబరు చివర మొదలై అక్టోబరు 10 ప్రాంతమున ముగియును. పిదప చిత్త, స్వాతి కార్తెలు నవంబరు మొదటి వారము వరకు నడచును. కచేరీ గుమాస్తా ఆజుర్ అని వ్రాసినను, రైతు హస్త, చిత్త అని చెప్పినను, ఇద్దరి చూపు ఒకే దినముల మీద ఉండెడిది. పెరటి తోటకు ఆ దినములే కీలకము.

మన చలి ఎంత?

వరంగల్లు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. డిసెంబరు, జనవరి మాసములలో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగా 15 నుండి 17 డిగ్రీల సెంటిగ్రేడు, పగలు 29 డిగ్రీల ప్రాంతము. అనగా మన చలికాలపు సగటు 22 లేక 23 డిగ్రీలు. ఫిబ్రవరి సగము గడచుసరికి మధ్యాహ్నపు ఎండ చురుక్కుమనును. నవంబరు మొదలుకొని లెక్కించినచో మనకు దక్కు చల్లని కాలము సుమారు 100 దినములు మాత్రమే. ఢిల్లీ వంటి ఉత్తరాది పట్టణములలో జనవరి రాత్రులు మన కంటె ఎంతో చల్లన. అక్కడి తోటల కొరకు వ్రాసిన పుస్తకములోని తేదీలను, రకములను ఇక్కడ ఉన్నవి ఉన్నట్లుగా అనుసరించినచో ఫలితము దక్కదు.

విత్తనపు పుట్టినిల్లు

ప్రతి విత్తనము తన పుట్టినింటి వాతావరణమును వెంట తెచ్చుకొనును. దీనికి గోబీపువ్వు మంచి నిదర్శనము. ఇది 1822లో ఇంగ్లండు నుండి సహరాన్‌పూరు తోటకు వచ్చినదని ఉద్యానశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. శీతల దేశపు ఆ మొక్క నుండి మన దేశపు రైతులు ఏటేట వేడికి తట్టుకొన్నవానిని ఏరి, వాని విత్తనమునే మరల వేసి, క్రమముగా మన నేలకు తగిన రకములను సాధించిరి. నేడు గోబీపువ్వు రకములను పువ్వు కట్టుటకు కావలసిన ఉష్ణోగ్రతను బట్టి విభజింతురు. ముందస్తు రకములకు 20 నుండి 27 డిగ్రీలు చాలును. స్నోబాల్ అను ఆలస్యపు రకములకు 10 నుండి 16 డిగ్రీలు కావలెను. మన సగటు 22 డిగ్రీలని పైన చూచితిమి. కావున మనకు తగినవి ముందస్తు రకములే. స్నోబాల్ విత్తనము ఎంత మేలైనదైనను, ఎంత ఎరువు వేసినను, ఇక్కడ ఆకులే విరివిగా పెరుగును. పువ్వు గట్టిగా కట్టదు. తప్పు చేతిది కాదు, నేలది కాదు, విత్తనపు ఎంపికది.

గాజరగడ్డలోను రెండు తెగలు కలవు. ఎర్రని గడ్డనిచ్చు ఆసియా తెగ కొంత వేడిని ఓర్చుకొనును. మైదానములలోనే గింజ కట్టును. పూసా కేసర్ ఈ తెగ లక్షణములు గల రకము. నారింజ వన్నె గల నాంటెస్ వంటి యూరపు తెగ గింజ కట్టవలెనన్న 10 డిగ్రీలకు లోపలి చలి కొన్ని వారములు సోకవలెను. అందుచేత దాని విత్తనమును కులూ లోయ వంటి కొండ ప్రాంతములలో పండింతురు. క్యాబేజీ విత్తనపు సంగతియు ఇట్టిదే. గడ్డనో కాయనో మనము పండింపగలము. దాని విత్తనమును మాత్రము కొనక తప్పదు.

పాలకూర విషయమున ఒక వింత కలదు. మన పాలకూర యూరపు దేశపు స్పినాచ్ కాదు. అది బీట్‌రూటుకు తోబుట్టువు. రెండింటి విత్తనములను పక్క పక్కన పెట్టి చూచినచో పోలిక తెలియును. మనము గింజ అనుకొనునది నిజమునకు కొన్ని గింజల ముద్ద. అందుకే ఒక్క చోట వేసిన దాని నుండి రెండు మూడు మొలకలు వచ్చును. వానిలో బలమైనదానిని ఉంచి తక్కినవి పెరికివేయవలెను.

నారు పోయునవి, నేరుగా వేయునవి

క్యాబేజీ, గోబీపువ్వు, టమాటా, వంకాయ నారు పోసి నాటవలసినవి. హస్త, చిత్త కార్తెలు క్యాబేజీ, గోబీ నారునకు మంచి అదను. ఒక గ్రాము క్యాబేజీ విత్తనములో సుమారు 300 గింజలుండును గనుక ఒక ఇంటికి గ్రాము విత్తనము చాలును. ఒక మీటరు వెడల్పున, నేలకు జానెడు ఎత్తున మడి చేసి, బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. నాలుగు వ్రేళ్ళ ఎడముతో సాళ్ళు గీసి, గింజలను పలుచగా, ఒక సెంటిమీటరు లోతున వేసి, వరిగడ్డి కప్పి నీరు చల్లవలెను. మొలక కనబడిన నాడే గడ్డి తీసివేయవలెను. ఆలస్యమైనచో మొలకలు పాలిపోయి సాగును. మడి ఎత్తుగా లేకున్నను, గింజలు ఒత్తుగా పడినను, సాయంకాలము నీరు నిలిచినను నారుకుళ్ళు తెగులు వచ్చి, మొలకలు మొదట మెత్తబడి ఒక్క రాత్రిలో వ్రాలిపోవును. ఉదయముననే తడుపుట దీనికి మంచి కాపు. 25 నుండి 30 దినముల నారును సాయంకాలము చల్లబడిన పిదప, మూరెడు ఎడముతో నాటవలెను. ముదురు నారు నాటినచో గోబీపువ్వు గుండీ అంతయై ఆగిపోవును.

గాజర, ముల్లంగి, బీట్‌రూటు, బఠానీ, ఆకుకూరలు నేరుగా వేయవలసినవి. గాజర, ముల్లంగి మొక్కలను పెరికి నాటినచో తల్లివేరు తెగి గడ్డ రెండుగా చీలును. పచ్చి ఎరువు, రాళ్ళు ఉన్న నేలలోను ఇట్లే జరుగును. వీనికి చిత్త నుండి నవంబరు చివర వరకు అనుకూలము. బఠానీని అక్టోబరు సగము నుండి నవంబరు సగము లోపల వేయుట మేలు; ఆలస్యమైనచో పూతకు ఎండ తగులును. మెంతి, కొత్తిమీర, పాలకూర విత్తనములను ఒకేసారి చల్లక, 15 దినములకొక మడి చొప్పున వేసినచో చలికాలమంతయు వంటింటికి ఆకు అందును. ధనియమును చేతితో నలిపి రెండు బద్దలుగా చేసి, రాత్రి నానబెట్టి వేయవలెను. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క గింజ ఉండును.

పదును

మెంతి, ముల్లంగి నాలుగు దినములలో మొలచును. గాజరకు 10 నుండి 15 దినములు పట్టును. చాల ఇండ్లలో గాజర మొలవకపోవుటకు ఈ ఆలస్యమే మూలము. మన ఎర్ర చల్క నేల తడిసి ఆరినంతనే పైన పెంకు కట్టును. సన్నని మొలక ఆ పెంకును చీల్చలేక లోపలనే చచ్చును. దీనికి రెండు ఉపాయములు కలవు. గింజలను పొడి ఇసుకతో కలిపి వేసి, మొలచువరకు తడి గోనెపట్టా కప్పి, దినమునకొకసారి ఎత్తి చూచుట ఒకటి. గాజర సాలులో అక్కడక్కడ ముల్లంగి గింజ వేయుట రెండవది. ముల్లంగి ముందుగా మొలచి పెంకును పగులగొట్టును, సాలు ఎచ్చట ఉన్నదో చూపును. గాజర పెరుగునాటికి కూరకు పనికి వచ్చి తప్పుకొనును. చెరువు పూడిక మట్టిని చల్క నేలలో కలుపుట మన ప్రాంతపు పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల మట్టి పొలములకు చేరినదియు ఈ గుణము కొరకే. నాలుగు గంపల పూడిక మట్టి పెరటి మడిలో తడిని నిలుపును.

క్యాబేజీని తొలుచు రెక్కల పురుగు ఆవ మొక్కలను ఎక్కువగా ఇష్టపడును. కావున నాటుటకు రెండు వారముల ముందు మడి అంచున రెండు సాళ్ళు ఆవాలు వేసినచో పురుగు వాని మీదికి పోవును. పేనుబంక కనబడినపుడు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానవేసి, వడగట్టి చల్లవలెను.

విత్తనమును పరీక్షించుట, దాచుట

విత్తనపు పొట్లము మీద మొలక శాతము, పరీక్ష చేసిన తేదీ ముద్రించి ఉండును. కొనునపుడు ధర కంటె ముందు ఆ రెండింటిని చూడవలెను. క్యాబేజీకి 70, గాజరకు 60 శాతము కనీసపు మొలకగా నిర్ణయింపబడినది. నిరుటి పొట్లము మన ఏప్రిల్, మే మాసముల ఎండను గడిపినదని మరువరాదు. 50 గింజలను తడి బట్టలో చుట్టి ఉంచి, మొలచినవానిని లెక్కించుట ఇంటిలోనే చేయదగిన పరీక్ష. 30 మొలచినచో 60 శాతము. మందు పట్టించిన రంగు విత్తనమును మాత్రము వంటకు వాడరాదు, పిల్లలకు అందనీయరాదు.

విత్తనపు తేమ ఒక శాతము తగ్గినను, నిలువ చేసిన చోటి వేడి 5 డిగ్రీలు తగ్గినను దాని ఆయువు ఇంచుమించు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు సూత్రీకరించెను. మన అవ్వలు విత్తనమును ఆరబెట్టి, బూడిద కలిపి, మూతి మూసిన కుండలో, ఇంటి చల్లని మూలన ఉంచుట ఈ సూత్రమునకు సరిపోవుచున్నది. మెంతి, ధనియము, పాలకూర, దేశవాళీ ముల్లంగి, బఠానీ, టమాటా విత్తనములను ఇట్లు మనమే దాచుకొనవచ్చును. సంకర రకముల విత్తనమును దాచినచో తల్లి గుణము నిలువదు.

ఒక మనవి

పూర్తిగా మన నేలకు, మన వంద దినముల చలికి సరిపోవు పట్టిక అంగడిలో దొరకదు. దానిని మనమే వ్రాసికొనవలెను. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రము వంటి చోట్ల రకములను గూర్చి అడిగి తెలిసికొనవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు ఆవరణలో ఒక చిన్న నారుమడికి చోటును, ఒక దస్త్రమును ఇచ్చినచో చాలును. విత్తిన తేదీ, రకము, మొలచిన దినము, కోసిన తూకము — ఈ నాలుగింటిని ప్రతి ఏడు విద్యార్థులు ఉర్దూలోను, తెలుగులోను వ్రాయవలెను. నారు ఇండ్లకు పోవును. లెక్క కళాశాలలో నిలుచును. పెరడు లేని అద్దె ఇంటివారికి మట్టి నింపిన పాత సిమెంటు సంచియే మెంతికి, కొత్తిమీరకు మడి. అయిదేండ్లు ఇట్లు వ్రాసిన దస్త్రము తరువాతి విద్యార్థికి అందినపుడు, హస్తవాసి లేదని విత్తనము మానుకొనవలసిన ఇల్లు మన వీధులలో ఉండదు.