అచ్చుకూర్పు భాషలో లిస్పు



గ్రంథాంతమున అకారాది పట్టిక కూర్చినవారికి అందలి శ్రమ తెలియును. కంప్యూటరునకు ఆ పని యప్పగించినచో అది యక్షరముల సంకేతసంఖ్యలను బట్టి వరుస చేయును. యూనికోడు పట్టికలో రకారము వెంటనే ఱకారమును, లకారము వెంటనే ళకారమును, పిమ్మట వకారమును గలవు. కావున "ఱెక్క, లవణము, వల" యని వచ్చును. నేను బడిలో దిద్దించిన వర్ణమాలలో ఱకారము తుదిది. దాని ప్రకారము "లవణము, వల, ఱెక్క" యని యుండవలెను. ఈ విషయమున మతభేదము లుండవచ్చును. కాని నిర్ణయించువాఁడు గ్రంథకర్త కావలెను గాని యంత్రము కారాదు. మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకుఁ గల పల్లెలను గూర్చి చిన్న పుస్తకము వేసినను ఈ చిక్కు తప్పదు.

డొనాల్డు నూత్ అను అమెరికా విద్వాంసుఁడు 1977లో తన గ్రంథమునకు వచ్చిన అచ్చుప్రతుల యందము చూడలేక, టెక్ అను అచ్చుకూర్పు భాషను నిర్మింపఁ బూనుకొనెను. దాని ప్రాణము ఆదేశము. వ్యాకరణమున ఆదేశము శత్రువువలె ఉన్నదానిని తొలఁగించి ఆ చోటఁ దాను నిలుచును గదా! టెక్ నందును ఒక పేరు కనఁబడఁగానే దాని స్థానమున ముందు నిర్వచించిన పాఠము వచ్చి నిలుచును. ఒక్కొక్క నిర్వచనమునకు తొమ్మిది ఖాళీల వఱకు ఉండవచ్చును.

లిస్పు 1958లో జాన్ మెకార్తీ కల్పించిన భాష. అందు సర్వమును కుండలీకరణములలోని జాబితాయే. (+ 2 (* 3 4)) అని వ్రాసినచో మొదటిది క్రియ, తక్కినవి దానికి విషయములు. లోపలిది పండ్రెండు, మొత్తము పదునాలుగు. జాబితాకు ముందు ఉద్ధరణచిహ్న ముంచినచో దానిని లెక్కింపక ఉన్నది ఉన్నట్లే గ్రహించును. "అగ్ని తెమ్ము" అనిన నిప్పు తెత్తుము. "అగ్నిశబ్దమునకుఁ బ్రత్యయము చేర్పుము" అనిన నిప్పునకుఁ గాక మాటకే చేర్తుము. భేద మంతియే.

ఇఁక ఒకదానిలో నొకటి పొదుగుట. 1990లో ఆండ్రూ గ్రీను బేసికు భాషను టెక్ నందుఁ బొదిగెను. 2013లో టోక్యోలో జరిగిన టెక్ వాడుకరుల సభలో షిజుయా హాకుతా లిస్పును బొదిగిన విధమును వివరించెను. ఇందు యంత్రమును మార్చలేదు. ఆదేశసూత్రములే వ్యాఖ్యాత యైనవి.

చిక్కు మొదటి యడుగుననే కలదు. టెక్ తనంతఁ దాను జత చూచుకొనునది మీసాల కుండలీకరణములనే. మామూలు కుండలీకరణము వఱకుఁ జదువు మనినచో లోపలిది మూసినచోటనే ఆఁగిపోవును. పై యుదాహరణములో నాలుగు తరువాత నిలిచి, మిగిలినదానిని పాఠముగా నచ్చువేయును! కావున ఒక్కొక్క గుర్తునే తీసికొని, తెఱచినప్పుడు లెక్క పెంచుచు, మూసినప్పుడు తగ్గించుచు, సున్న యగునంతవఱకు సాగవలెను. చదివిన జాబితాలోని ప్రతి గదికి ఒక క్రొత్త పేరు పెట్టి, దానియందలి వస్తువును, తరువాతి గది యేదో యను గుర్తును ఆ పేర భద్రపఱుతురు. అట్లు పుట్టిన పేళ్లు ఆ కూర్పు ముగియువఱకు చావవు. పెద్ద లెక్కలు చేసినచో జ్ఞాపకస్థానము నిండును.

అకారాదికి దీని ప్రయోజన మేమన, మన క్రమమును ఒక జాబితాగా వ్రాసి యుంచి, రెండు మాటల నక్షరమున కక్షరముగా అందలి స్థానములతోఁ బోల్చి చూడవచ్చును. క్రమమును మార్చఁదలఁచినచో ఆ యొక్క జాబితాను దిద్దినఁ జాలును. కాని నూత్ రచించిన టెక్ తెలుఁగక్షరమును ఒకటిగాఁ జూడదు. యూటీఎఫ్-8 లిపిసంకేతమున అది మూఁడు తునుకలు. 2004లో వచ్చిన జీటెక్ అక్షరమును ఒక్కటిగా గ్రహించును. అందును "ఱె" యనునది ఱకారము, ఎత్వము అను రెండు గుర్తులే. ఎత్వమునకు వేఱుగ స్థానము చెప్పవలెను.

లూవాటెక్ నందు లూవా యను భాష యంత్రములోనే కలిసియున్నది. వేలకొలఁది మాటల పట్టికకు నేను దానినే యెన్నుకొందును. ఆదేశములతో నడచు లిస్పు మిక్కిలి మందగామి. రెండు మూఁడు వందల పేళ్లకు లిస్పు చాలును. 2020లో లూవాటెక్ నకు హార్ఫ్‌బజ్ చేర్చిన రూపము ప్రచారములోనికి వచ్చినందున మన ఒత్తులును, గుణింతములును అందుఁ జక్కఁగాఁ గూర్పఁబడుచున్నవి.