ఫైబర్ వేగం: ధర ఒకటి, తూకం మరొకటి
నెల చందా ఒక్కటే చూచి బేరం కుదుర్చుకోరాదు

దంతాలపల్లి: పత్తి, మిర్చి, వడ్ల ధరలను ప్రతి ఉదయం ఆరా తీసే ఈ ప్రాంతపు రైతులు, వ్యాపారులు ఇటీవలి సంవత్సరాలలో మరొక సరుకు ధర కూడా అడిగి తెలుసుకోవలసి వస్తోంది. బస్తాలకెత్తడానికి, కాంటా మీద పెట్టడానికి వీలులేని ఆ సరుకు పేరు వేగం. ఫైబర్ తీగ మీద ఇంటికి వచ్చే ఇంటర్నెట్‌ను కంపెనీలు సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని కొలిచి, నెల చందాకు అమ్ముతున్నాయి. చందాలు పైకి దగ్గరదగ్గరగా కనిపించినా ఇంటికి చేరే సరుకులో తేడా హెచ్చుగానే ఉంటుంది.

ఇది సినిమాలు చూచే కాలక్షేపానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు దంతాలపల్లి మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాలలో కంప్యూటరు మీదనే సాగుతున్నాయి. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, యార్డులోని వేలాన్ని తెర మీదకు తెచ్చింది. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థ కేంద్రానికి పత్తి తీసుకుపోయే రైతు ముందుగా కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవలసి వచ్చింది. పొడుగు పింజ పత్తికి ఆ సీజన్ మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. స్లాటు దొరకని రైతు బయట తక్కువకు అమ్ముకుంటే ఆ తేడా అతని జేబు నుంచి పోయినట్లే. తీగ నిలిచిపోతే నష్టం ఇలా లెక్కకు వస్తుంది.

కొలత ఏమిటి?

కొనుగోలుదారు ముందుగా గ్రహించవలసినది కొలతలోని తిరకాసు. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. ఫోనులోని ఫైళ్లు బైట్లలో ఉంటాయి. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అందువల్ల 100 మెగాబిట్ల కనెక్షన్ మీద సెకనుకు వచ్చేది 100 మెగాబైట్లు కాదు, హెచ్చులో హెచ్చు 12.5 మెగాబైట్లు. ఒక గిగాబైటు ఫైలు దిగడానికి 100 మెగాబిట్ల మీద 80 సెకన్లు, 30 మెగాబిట్ల మీద సుమారు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. బస్తా లెక్కన చెప్పిన ధరను క్వింటాలు ధర అనుకుంటే ఎట్లా మోసపోతామో ఇదీ అంతే.

బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి కనీస వేగం ఎంత ఉండాలన్నది కూడా మారుతూ వచ్చింది. 2004లో సెకనుకు 256 కిలోబిట్లు, 2014లో 512 కిలోబిట్లు ఉండగా, 2023 జనవరిలో కేంద్రం దానిని 2 మెగాబిట్లకు పెంచింది. ఈ అంకె ముందు ముందు మళ్లీ వస్తుంది కనుక గుర్తుంచుకోదగినది.

ధరవరలు

మూడు పెద్ద కంపెనీలు 2020 ఆగస్టు-అక్టోబరు నెలల మధ్య పోటీగా ప్రకటించిన చందాలు ఈ విపణికి ఒరవడి దిద్దాయి. నెలకు, 18 శాతం జి.ఎస్.టి. కాకుండా, అప్పటి ధరలు ఇవి:

జియో ఫైబర్: 30 మెగాబిట్లు రూ. 399, 100 మెగాబిట్లు రూ. 699, 150 మెగాబిట్లు రూ. 999.
ఎయిర్‌టెల్: 40 మెగాబిట్లు రూ. 499, 100 మెగాబిట్లు రూ. 799; 200 మెగాబిట్లు రూ. 999.
బి.ఎస్.ఎన్.ఎల్. భారత్ ఫైబర్: 30 మెగాబిట్లు రూ. 449, 100 మెగాబిట్లు రూ. 799; 200 మెగాబిట్లు రూ. 999.

మెగాబిట్టు ఒక్కింటికి లెక్క కట్టి చూస్తే చిన్న ప్లాన్లలో జియో రూ. 13.30, ఎయిర్‌టెల్ రూ. 12.48, బి.ఎస్.ఎన్.ఎల్. రూ. 14.97 పడింది. 100 మెగాబిట్ల దగ్గర ధర రూ. 7 - 8 మధ్యకు దిగింది. 200 మెగాబిట్ల దగ్గర సుమారు రూ. 5కు వచ్చింది. ఎక్కువ కొన్నవారికి చౌక అన్న టోకు వ్యాపార సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది.

ప్రభుత్వాలు కూడా ఈ విపణిలోకి దిగాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు మొదటి చందా రూ. 149, వేగం 15 మెగాబిట్లు. టీవీ, టెలిఫోను అందులోనే. తెలంగాణలో టి-ఫైబర్ 2024 డిసెంబరులో కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు చెప్పిన చందా రూ. 300, వేగం 20 మెగాబిట్లు.

ఇంటికి ఎంత కావాలి?

మెగాబిట్టు చౌక అని పెద్ద ప్లాను కొనడం అవసరానికి మించి ఎరువు వేసినట్లు. స్పష్టమైన వీడియో ఒకటి నడవడానికి సుమారు 5 మెగాబిట్లు చాలు. పిల్లల వీడియో క్లాసుకు రెండు నుంచి నాలుగు. రెండు టీవీలు, ఒక క్లాసు, మరో రెండు ఫోన్లు ఒకేసారి నడిచే ఇంటికి 20 మెగాబిట్లు నిజంగా అందితే సరిపోతాయి. 30 మెగాబిట్ల ప్లానుకూ 100 మెగాబిట్ల ప్లానుకూ పై ధరలలో కనిష్ఠ తేడా రూ. 300. పన్నుతో కలిపి ఏడాదికి రూ. 4,248. మద్దతు ధర లెక్కన అది అర క్వింటాలు పత్తికి పైమాటే.

అన్‌లిమిటెడ్ అన్న మాటకూ హద్దు ఉంది. 2020 ప్లాన్లలో అది నెలకు 3,300 గిగాబైట్లు. రోజుకు 110 గిగాబైట్లన్న మాట. రెండు టీవీలు రోజూ పది గంటలు ఆడినా నెలకు సుమారు 1,350 గిగాబైట్లే అవుతాయి గనుక సామాన్య కుటుంబం ఆ హద్దు ముట్టదు. అయితే చిన్న కంపెనీల ప్లాన్లలో హద్దు తక్కువగా ఉండవచ్చు. హద్దు దాటిన తరువాత వేగం ఎంతకు పడిపోతుందో అడగాలి. బి.ఎస్.ఎన్.ఎల్. 2020 ప్లాన్లలో అది 2 మెగాబిట్లు. అంటే బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి నేడు ఉన్న కనీస హద్దు.

‘వరకు’ అన్న మాటలోని తరుగు

ప్రకటనలలో 100 మెగాబిట్ల ‘వరకు’ అని ఉంటుంది. మార్కెట్ యార్డులో తేమ ఎంతో అసలు బేరం ఈ ‘వరకు’లో ఉంది. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కేంద్రంలో తీసుకోరు. వేగంలోని తరుగుకు మాత్రం కొనేవాడే కాంటా పట్టుకోవాలి.

తరుగు ఎందుకు వస్తుందంటే, కంపెనీ కేంద్రం నుంచి ప్రతి ఇంటికీ విడి తీగ రాదు. ఒక గాజు పోగు వీధి దాకా వచ్చి, అక్కడ స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టెలో 32 లేక 64 పాయలుగా చీలుతుంది. దేశంలో విరివిగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ పోగు మొత్తం దిగుమతి సామర్థ్యం సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు. 64 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా లాగితే ఇంటికి 39 మెగాబిట్లకు మించి రావు. ఒకే కాలువ కింద పొలాలన్నీ ఒకే రోజు తూములెత్తినట్లే. పగలు అందరూ ఒకేసారి లాగరు కనుక 100 చూపిస్తుంది. రాత్రి 8 - 10 గంటల మధ్య అసలు సంగతి బయటపడుతుంది. ఎగుమతి సామర్థ్యం ఇందులో సగమే, 1,244 మెగాబిట్లు. దరఖాస్తుల కాగితాలు స్కాను చేసి పంపే మీ-సేవ కేంద్రాలు, ఫొటో స్టూడియోలవారు దిగుమతి వేగంతో పాటు ఎగుమతి వేగాన్నీ తప్పక అడగాలి.

ఊరి దాకా వచ్చే తీగ

పట్టణంలో పై లెక్కతో పని సరిపోతుంది. దంతాలపల్లి వంటి చోట మరొకటి చూడాలి. వరంగల్ - ఖమ్మం రహదారి మీద తొర్రూరు, మరిపెడల మధ్య ఉన్న ఊరికి వేగం పుట్టేది ఇక్కడ కాదు, ఎక్కడో పట్టణంలో. మధ్యలో తీగ ఒక్కటే దారిన వస్తే, ఆ దారిలో ఎక్కడ రోడ్డు పనికి యంత్రం దిగి తవ్వినా ఊరంతా ఆగిపోతుంది. స్తంభాల మీద వేలాడే తీగకు గాలివాన, కోతులు, ఎత్తుగా గడ్డి వేసుకుపోయే ట్రాక్టర్లు శత్రువులు. అప్పుడు 200 మెగాబిట్ల చందాదారూ 30 మెగాబిట్ల చందాదారూ సమానమే. ఇద్దరికీ సున్న.

ఈ లోపానికి మందు వలయం. తీగను రెండు వైపుల నుంచీ తెచ్చి కలిపితే ఒక పక్క తెగినా రెండో పక్క నుంచి నడుస్తుంది. పంచాయతీలకు ఫైబర్ వేయడానికి కేంద్రం 2011లో ఆమోదించి, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చిన పథకంలో మొదట వేసినవి ఎక్కువగా ఒంటి దారులే. 2023 ఆగస్టులో రూ. 1,39,579 కోట్లతో సవరించిన పథకం వలయాలను ప్రధానాంశంగా చేసుకుంది. తెలంగాణలో భారత్‌నెట్ రెండో దశ పనిని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన టి-ఫైబర్ చేపట్టి, మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలను తీగ వేయడానికి ఉపయోగించుకుంది.

కనుక ఊళ్లో ఎవరి వేగం హెచ్చు అన్న ప్రశ్న కంటే ముందు, ఎవరి తీగ గత వానాకాలంలో ఎన్ని రోజులు ఆగింది, తెగితే ఎన్ని గంటలకు మనిషి వచ్చాడు అన్న ప్రశ్న అడగాలి. ఈ సమాచారం ప్రకటనలో ఉండదు. పక్కింటి చందాదారు దగ్గర ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కంపెనీ పెట్టె ఎంతసేపు బ్యాటరీ మీద నడుస్తుందో కూడా విచారించాలి. ఇంట్లో రౌటరుకు చిన్న బ్యాటరీ పెట్టుకున్నా అవతలి పెట్టె ఆగితే ప్రయోజనం లేదు.

తూకం వేసే విధానం

వేగం పరీక్షించే ఉచిత సాధనాలు ఫోనులోనే దొరుకుతాయి. అయితే వైఫై మీద పరీక్షించి కంపెనీని తప్పు పట్టడం కాంటా కింద రాయి ఉందో లేదో చూడకుండా తూచడమే. రెండు గోడల అవతల వైఫై వేగం సగానికి సగం పడవచ్చు. రౌటరు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, మిగతా ఫోన్లన్నీ ఆపి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 9 గంటలకు, మూడు రోజులు చూచి రాసుకోవాలి. పాత రౌటరుకు 100 మెగాబిట్ల రంధ్రమే ఉంటే 200 మెగాబిట్ల చందా కట్టినా 100 దాటదు.

పరీక్షలో పింగ్ అనే అంకె కూడా వస్తుంది. అడిగినది అవతలి దాకా పోయి బదులు రావడానికి పట్టిన సమయం అది. గాజు పోగులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీ సెకన్లు చాలు. దూరం సాకు చెల్లదన్న మాట. రాత్రివేళ ఈ అంకె వందలలోకి పోతే మధ్యలో రద్దీ ఉన్నట్లు. వేగం బాగున్నా వీడియో క్లాసు తడబడేది అందుకే.

తీగ వేయడానికి వచ్చిన మనిషి దగ్గర వెలుతురు కొలిచే పరికరం ఉంటుంది. ఇంటి దగ్గర ఆ అంకె మైనస్ 15 నుంచి మైనస్ 25 లోపల ఉంటే మంచిది. మైనస్ 27 దరిదాపులకు వెళితే తీగ ఎక్కడో వంగినా, అతుకు సరిగా లేకపోయినా కావచ్చు. వానకు ఎర్ర దీపం వెలగడం తరచుగా అటువంటి ఇళ్లలోనే. డబ్బు కట్టక ముందే ఆ అంకె చూపించమని అడగవచ్చు.

గాలి ఫైబరు వేరు

2023లో జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో మరో సరుకు తెచ్చాయి. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి తీగ రాదు. 5జి టవరు నుంచి రేడియో తరంగం ఇంటి మీది డబ్బాకు చేరుతుంది. తీగ రాని తండాలకు, పొలాల మధ్య ఇళ్లకు ఇది అక్కరకు వస్తుంది. కాని టవరు దూరం, ఆ టవరు మీద ఉన్న ఫోన్ల సంఖ్యను బట్టి వేగం మారుతుంది. రెంటినీ ఒకే పట్టికలో పెట్టి ధర పోల్చడం తేజ రకాన్నీ తాలు కాయనూ ఒకే రాశి పోయడమే.

కొనేవారికి సూచనలు

ఆరు నెలలో, ఏడాదో చందా ముందుగా కడితే ఒకటి రెండు నెలలు ఉచితమన్న బేరాలు తరచుగా వస్తుంటాయి. మొదట ఒక్క నెల కట్టి, పై విధంగా తూచి, ఆ తరువాతనే ఎక్కువ కాలానికి కట్టడం క్షేమం. రౌటరు కంపెనీదా, కొన్నదా, డిపాజిట్టు తిరిగి వస్తుందా అన్నది రసీదు మీద రాయించుకోవాలి. స్థానిక ఆపరేటరు ద్వారా తీసుకున్నా చందా ఏ కంపెనీ పేర జమ అవుతున్నదో చూచుకోవాలి.

తీగ ఆగితే ఆపరేటరుకు ఫోను చేసి ఊరుకోకుండా కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో చెప్పి నంబరు తీసుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లే హక్కు 2012 నాటి ట్రాయ్ నిబంధనలు ఇచ్చాయి. నంబరు లేని ఫిర్యాదు తక్‌పట్టీ లేని అమ్మకం వంటిది. ఆ తరువాత ఎవరికి చెప్పుకున్నా ఆధారం ఉండదు.

మొత్తం మీద ఒక ఊళ్లో రెండో కంపెనీ తీగ దిగినప్పుడు మొదటి కంపెనీ మరమ్మతు మనిషి త్వరగా రావడం సహజం. ఒకే కొనుగోలుదారు ఉన్న యార్డులో ధర ఎట్లా ఉంటుందో రైతుకు తెలిసినదే. రెండు తీగలు వచ్చిన వీధిలో ఉన్నవారు ధరను బేరమాడవచ్చు. ఒక్క తీగే ఉన్నవారు మాత్రం చిన్న ప్లాను తీసుకుని, మిగిలిన సొమ్ముతో ఫోనులో వేరే కంపెనీ సిమ్ము ఒకటి అదనంగా ఉంచుకోవడం మేలు. స్లాటు తెరిచే రోజున తీగ తెగినా పని ఆగదు.