కమోడ్ కారుతుంటే బయట పూత పూయడం మరమ్మతు కాదు

బళ్లారిలో కౌల్ బజారు పాత ఇళ్ళ మరమ్మతుల్లోనూ, ఊరి చుట్టూ లేస్తున్న కొత్త అపార్టుమెంట్లలోనూ గోడకు బిగించే వాల్ హ్యాంగ్ కమోడ్ ఇప్పుడు మామూలైపోయింది. నేల ఖాళీగా ఉంటుంది, కడగడం సులువు. అయితే అది కారడం మొదలుపెడితే చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. కమోడ్‌కూ టైల్స్‌కూ మధ్య సందు చుట్టూ తెల్ల సిమెంటో, సిలికానో, ఎం-సీలో పూసి, నీళ్ళు కనబడటం ఆగగానే పని అయిపోయిందనుకుంటారు. అది మరమ్మతు కాదు. లోపలి రబ్బరు సీలు కారుతూనే ఉంటుంది, ఆ నీళ్ళకు బయటికొచ్చే దారి మాత్రం మూసుకుపోతుంది. కమోడ్‌ను విప్పి, సీళ్ళు మార్చి, మళ్ళీ బిగించడం ఒక్కటే సరైన పని. సాధారణంగా దానికి ఒక్క టైలు కూడా పగలగొట్టక్కర్లేదు.

ఎందుకో తెలియాలంటే గోడ వెనక ఏముందో చూడాలి. కూర్చున్న మనిషి బరువంతా గోడలో దాచిన ఇనుప ఫ్రేమ్ మీదా, దాన్నుంచి బయటికి వచ్చిన రెండు బోల్టుల మీదా పడుతుంది. మంచి ఫ్రేములను 400 కిలోల బరువు తట్టుకునేలా చేస్తారు. బోల్టులు కాక గోడలోంచి రెండు పైపులు వస్తాయి. పైదాంట్లో ఫ్లష్ నీళ్ళు కమోడ్‌లోకి వస్తాయి, కిందున్న లావు పైపులో మురుగు పోతుంది. ఆ రెండు పైపులూ కమోడ్‌ను కలిసే చోట రబ్బరు సీళ్ళుంటాయి. బరువు మోయడం వాటి పని కాదు, నీళ్ళు ఆపడమే. నట్లు వదులైతే కూర్చున్నప్పుడల్లా కమోడ్ వెంట్రుకవాసి కదిలి, సీలు అంచును రాస్తూ ఉంటుంది. లేదా బిగించిన రోజే పైపును పొట్టిగా కోసి ఉండవచ్చు, తడి తగలకుండా పొడిగా దూర్చడంతో సీలు మడత పడి ఉండవచ్చు. దీనికితోడు కొళాయి నీళ్ళు రోజూ రాక, బోరు నీళ్ళతో ట్యాంకు నింపుకునే ఇళ్ళు ఈ ప్రాంతంలో ఎన్నో. ఆ నీళ్ళ ఉప్పు పొర సీలు అంచున పేరుకుంటే రబ్బరు సరిగా అతుక్కోదు.

విప్పకముందే లీకు ఎక్కడిదో తేల్చుకోవచ్చు. ఒక పూట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. అయినా గోడ తడుస్తుంటే తప్పు కమోడ్ సీళ్ళది కాదు, గోడలో దాచిన ఫ్లష్ ట్యాంకుదో దానికి నీళ్ళు తెచ్చే పైపుదో. నీళ్ళు బయటికి రాక కమోడ్ గిన్నెలోకే సన్నగా జారుతుంటే ట్యాంకు లోపలి ఫ్లష్ వాల్వ్ వాషరు పోయినట్టు. ఫ్లష్ చేసినప్పుడు మాత్రమే కారుతుంటే గిన్నెలో నిలిచిన నీళ్ళలో మిఠాయి రంగు కలిపి, కమోడ్ కింద గోడకు ఆనించి తెల్లకాగితం పెట్టి ఫ్లష్ చేయాలి. కాగితం మీదికి తేట నీళ్ళు వస్తే పై సీలు, రంగు నీళ్ళు వస్తే కింది సీలు. ఎక్కడా తడి లేకుండా కంపు మాత్రమే వస్తున్నా కింది సీలును అనుమానించాల్సిందే. గిన్నెలో నిలిచే నీళ్ళు మురుగు గాలిని అడ్డుకుంటాయి గానీ, ఆ సీలు నీటి అడ్డుకు అవతలి పక్కన ఉంటుంది.

కొద్దిగా కారితే ఏమవుతుందని అనిపించవచ్చు. ఫ్లష్‌కు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారుతుందనుకుందాం. రోజుకు ఇరవైసార్లు వాడే ఇంట్లో అది 4 లీటర్లు, నెలకు 120 లీటర్లు. బయట దారి మూసేస్తే ఆ నీళ్ళన్నీ గోడలోకీ శ్లాబులోకీ ఇంకుతాయి. కింది ఇంటి సీలింగు పెచ్చులూడుతుంది, శ్లాబులోని కమ్మీ తుప్పు పడుతుంది. మన పక్కనే జరిగిన ఒక సంగతి చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు ఆనకట్ట గోడ చెక్కుచెదరలేదు, అయినా నీళ్ళు నదిపాలయ్యాయి. డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సారథ్యంలో ఆ గేటు ఖాళీలోనే స్టాప్ లాగ్‌లు, అంటే తాత్కాలిక అడ్డుపలకలు, దించాకే నీళ్ళు ఆగాయి. తెగిన చోటే పని చేయాలన్న సూత్రం ఇంటి మరుగుదొడ్డికీ వర్తిస్తుంది.

పనికి ఇద్దరు మనుషులు కావాలి. పింగాణీ బరువు, జారితే పగులుతుంది. ఫ్లష్ బటన్ పలక తీసి లోపలి కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలో మిగిలిన నీళ్ళను స్పాంజితో తోడేయాలి. పాత సిలికాన్‌ను బ్లేడుతో కోసి, నట్లు విప్పి, కమోడ్‌ను పైకి ఎత్తకుండా నేరుగా ముందుకు లాగాలి. మురుగు పైపు నోటికి గుడ్డ కుక్కాలి. పాత సీళ్ళను షాపుకు తీసుకెళ్ళి అదే సైజువి కొనాలి, అదే కంపెనీవి దొరికితే మరీ మంచిది. కమోడ్ వెనక గొట్టాల మీది ఉప్పు పొరను గీకి శుభ్రం చేశాక, పైపు ఎంత లోపలికి దూరుతుందో టేపుతో కొలవాలి. ఈ కొలత తప్పితే కొత్త సీలు కూడా నిలవదు. పొట్టి పైపు ఉంటే మార్చాల్సిందే. సబ్బునీళ్ళు రాసి దూర్చాలి. గ్రీజు, వాజ్‌లైన్ లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బిపోవచ్చు. నట్లను ఒక్కోటి కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించాలి. ఒకవైపే బలంగా తిప్పితే పింగాణీ చిట్లుతుంది.

సిలికాన్ పూసి రెండేళ్ళయినా కారలేదు కదా అనేవాళ్ళున్నారు. కారడం లేదో, కారేది కనబడటం లేదో ఆ పూతే తెలియనివ్వదు. విప్పితే కమోడ్ పగులుతుందన్న భయం మాత్రం నిజమైనదే. అందుకే అలవాటున్న ప్లంబరు చేత చేయించడం మేలు. ఆ కూలి, రెండు సీళ్ళ ఖర్చు కలిపినా శ్లాబు బాగు చేయించడంతో పోలిస్తే చిన్నదే. అసలు నేల కమోడే పెట్టుకుంటే పోయేది కదా అన్న మాటకు జవాబు, దానికీ రబ్బరు సీళ్ళు ఉంటాయి, అవీ ఎండిపోతాయి.

సిలికాన్ వద్దని కాదు. పైన, రెండు పక్కలా సన్నగా పూయండి, అదీ నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి తడి లేదని తేలాకే. కింది అంచు మాత్రం ఖాళీగా వదలండి. రేపు సీలు పోతే మొదటి చుక్క అక్కడే కనబడాలి. ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు టైల్స్ వేయకముందే ఫ్రేమ్‌నూ పైపులనూ ఫోటో తీసుకుని, కమోడ్ మోడల్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. అద్దెకిచ్చే ఇల్లయితే ఆ కాగితం నకలు అద్దెకుండేవారి దగ్గర కూడా ఒకటి ఉంచండి.