ఎడపల్లి నుంచి దుబాయికి దూరమెంత, కాలమెంత

బోధన్ చెరకు ప్రాంతంలోని ఎడపల్లి వంటి ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లేవారి విమానయానం శంషాబాద్‌లో మొదలవుతుంది. 2008లో తెరుచుకున్న ఆ విమానాశ్రయం నుంచి దుబాయికి మహావృత్తం వెంట, అంటే గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి వెంట, కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు పట్టే ఈ ప్రయాణం, చలికాలంలో పైఎత్తున పడమటి నుంచి వీచే బలమైన గాలులు తోడవడంతో, తిరుగుదారిలో కొంత తగ్గుతుంది. దుబాయి గడియారం గంటన్నర వెనుక ఉన్నందున, ఇక్కడ ఉదయం 10కి లేచిన విమానం అక్కడ 12:30కే దిగుతుంది. టికెట్‌పై ఉండేవి స్థానిక సమయాలు కనుక వాటి తేడానే ప్రయాణకాలమనుకోరాదు. ఇంటి గడప నుంచి నిజామాబాద్ మీదుగా రోడ్డుపై గడిచే గంటలనూ, తనిఖీ వరుసల్లో నిలబడే వేళనూ కలిపితే, నేల మీది కాలమే గాలిలోని కాలాన్ని మించుతుంది.