పాత లాప్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి నడుస్తుంటే

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు ఈ ఫిర్యాదు మాకు తరచు ఎదురవుతున్నది. ఒక సంఘంలో పొదుగువాపు వ్యాధిని తొలిదశలోనే గుర్తించే పరీక్షను పశువైద్యులు తమ ఫోనులో చిత్రించి ఇచ్చారు. సర్వసభ్య సమావేశంలో చూపబోతే మాట ముందుకు పోయింది, బొమ్మ వెనుకపడింది. పళ్ళెంలో పాలు జిగురుగా మారే ఘట్టం వచ్చేసరికి బొమ్మ పూర్తిగా నిలిచిపోయింది. సభ్యులు లేచి వెళ్ళిపోయారు. మేము వెళ్ళేసరికి కొత్త లాప్‌టాప్ కొనుగోలుకు తీర్మానం సిద్ధంగా ఉన్నది. సంతకాలు ఆపించి, ముందు యంత్రాన్ని చూశాము.

అది 2012 నాటి మూడవ తరం ఐ3. వీడియో ఫైలులో బొమ్మలు మూట కట్టి ఉంటాయి; చూపేటపుడు ఆ మూట విప్పాలి. ఈ పనికి చిప్పులోనే ప్రత్యేక భాగం ఉంటుంది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి మూటలను ఈ లాప్‌టాప్ సులువుగా విప్పగలదు. డాక్టరుగారి ఫోను మాత్రం హెచ్.265లో తీసింది. ఆ పద్ధతి ఆమోదం పొందినది 2013లో! అంతకు ముందే తయారైన యంత్రంలో దానికి ఏర్పాటు ఎక్కడిది? భారమంతా ప్రాసెసరుపై పడింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో చూస్తే సిపియు 100 శాతం చూపింది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఫైలును హెచ్.264కు మార్చి, పరిమాణం 1080 నుండి 720కి తగ్గించాము. ఆ తెర 1366×768 మాత్రమే గనుక అంతకు మించిన బొమ్మ దానికి వృథా భారమే. ఉదయం పాల సేకరణ ముగిశాక మొదలుపెట్టిన పని సాయంకాలం సేకరణలోపు పూర్తయినది. పాత యంత్రం, తొందర పనికిరాదు. మూల ఫైలును తీసివేయరాదు. ఇకమీదట ఫోను కెమెరా అమరికలలో ‘హై ఎఫిషియెన్సీ’ని ఆపి తీయవలసినదిగా డాక్టరుగారిని కోరాము. అట్లా తీస్తే మార్చే పనే ఉండదు.

యూట్యూబులోనైతే నాణ్యతను 480కి తగ్గించి చూడాలి. బ్రౌజరులో మిగిలిన కిటికీలన్నీ మూసివేయాలి.

మరొక సంగతి. ఆ లాప్‌టాప్ దాణా బస్తాల పక్కన, గుడ్డ పరచిన బల్లపై ఉన్నది. గాలి రంధ్రాల నిండా తవుడు దుమ్ము. వేడెక్కితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. యంత్రాన్ని ఆపి, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయించి, గుడ్డ తీయించాము. చూపేటపుడు ఛార్జరు తగిలించి ఉంచమని కార్యదర్శిగారికి చెప్పాము. బ్యాటరీపై నడిచేటపుడు కూడ వేగం తగ్గవచ్చు.

తీర్మానం వాయిదా పడింది. మరుసటి సమావేశంలో వీడియో చివరిదాకా ఆగకుండా నడిచింది. ఆ పరీక్ష పళ్ళెం సంఘంలో దొరుకుతుందా అని నలుగురైదుగురు అడిగారు.