సెలవులో ఉన్నప్పుడు ఆఫీసు పని చేయవచ్చా?

బతుకమ్మ పండుగ రాగానే హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునేవారు సొంత ఊళ్ళకు బయలుదేరుతారు. సిద్దిపేటకు దూరం సుమారు వంద కిలోమీటర్లు. బస్సులన్నీ కిటకిటలాడతాయి. 2023 అక్టోబరు నుండి సికింద్రాబాద్‌కు రైలు సౌకర్యం కూడా వచ్చింది. ఒకప్పుడు ఇలా వచ్చేవారి చేతిలో బట్టల సంచి, పిల్లలకు మిఠాయి పొట్లం ఉండేవి. ఇప్పుడు వాటితో పాటు లాప్‌టాప్ బ్యాగు కూడా ఇంటికి వస్తున్నది. కోమటి చెరువు దగ్గర బతుకమ్మలు నీళ్ళలో వేసే వేళకు, జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్ళు మొక్కే వేళకు కూడా ఫోన్ మోగుతుంది. "ఒక్క అయిదు నిమిషాలు" అని పక్కకు వెళ్ళిన మనిషి అరగంటకు గానీ రాడు. వచ్చినా మనసు ఇక్కడ ఉండదు.

ఇది హైదరాబాద్ ఉద్యోగుల సంగతి మాత్రమే కాదు. 2023 జూన్‌లో సిద్దిపేటలోనే ఐ.టి. టవర్ ప్రారంభమైంది. బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, అకౌంటెంట్లు, మందుల కంపెనీ ప్రతినిధులు కూడా సెలవులో వాట్సాప్ గ్రూపులకు జవాబులు ఇస్తూనే ఉంటారు. దీని వలన ఆరోగ్యానికి ఏమవుతుంది? అసలు సెలవులో పని చేయవచ్చా, చేయకూడదా? తెలుసుకుందాం.

శరీరానికి సెలవు ఎందుకు కావాలి?

పని ఒత్తిడి ఉన్నప్పుడు మన శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువగా విడుదల అవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. బి.పి. పెరుగుతుంది. రక్తంలో చక్కెర కూడా పెరుగుతుంది. పని అయిపోయిన తరువాత ఇవన్నీ మామూలు స్థితికి దిగాలి. ఆరోగ్యవంతులకు రాత్రి నిద్రలో బి.పి. పగటి కంటే సుమారు 10 నుండి 20 శాతం తగ్గుతుంది. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. ఒత్తిడి తగ్గకపోతే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే ఈ విశ్రాంతి సరిగా దొరకదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోల్చితే, 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువ అని అంచనా వేశాయి. ఆఫీసులో కూర్చున్న గంటలనే మనం లెక్క వేసుకుంటాం. ఇంట్లో, పండుగలో, ప్రయాణంలో చేసిన పనిని లెక్కలోకి తీసుకోము. శరీరం మాత్రం అన్ని గంటలనూ భరించవలసిందే.

అయిదు నిమిషాల పనే కదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. నిజమే, మెయిల్ చూడడానికి అయిదు నిమిషాలే పడుతుంది. కానీ దానిలోని సంగతి మనసులో తిరిగేది అయిదు నిమిషాలు కాదు. పై అధికారి ఒక మాట అన్నాడు, ఒక లెక్క తేలలేదు అని తెలిసిన తరువాత భోజనం మీద, పిల్లల మాటల మీద ధ్యాస ఉండదు. చేతిలో పని లేకపోయినా తలలో పని నడుస్తూనే ఉంటుంది.

పని నుండి మనసు పూర్తిగా పక్కకు రావడం గురించి జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సబీన్ సొన్నెన్‌టాగ్ ఎన్నో ఏళ్ళుగా పరిశోధించారు. ఖాళీ సమయంలో పనిని మరిచి ఉండగలిగినవారిలో అలసట తక్కువగా, నిద్ర మెరుగ్గా ఉంటుందని ఇటువంటి పరిశోధనలు చెబుతున్నాయి. అంటే సెలవు ఎన్ని రోజులు అన్నది ఒక్కటే కాదు, ఆ రోజుల్లో మనసు ఎక్కడ ఉన్నది అన్నదీ ముఖ్యమే.

ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. ఊరికి వచ్చేటప్పుడు రాజీవ్ రహదారి మీద కారు నడుపుతూనే ఆఫీసు ఫోన్లు మాట్లాడేవారు ఉన్నారు. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా చేతులు మాత్రమే ఖాళీ అవుతాయి, మెదడు ఖాళీ కాదు. ఆ ఫోన్ ఎంత ముఖ్యమైనదైనా ప్రాణం కంటే ముఖ్యమైనది కాదు.

సెలవు తీసుకుంటే నిజంగా మేలు జరుగుతుందా?

అమెరికాలో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 12,000 మందికి పైగా మధ్యవయసు పురుషులను తొమ్మిదేళ్ళ పాటు గమనించిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. ఏటా సెలవుపై వెళ్ళినవారిలో మరణాలు, ముఖ్యంగా గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే సెలవుపై వెళ్ళగలిగినవారికి డబ్బు, ఆరోగ్యం ముందే బాగా ఉండి ఉండవచ్చు. కాబట్టి సెలవు ఒక్కటే ప్రాణం కాపాడిందని చెప్పలేము. కానీ విశ్రాంతిని తేలికగా తీసుకోరాదని దీని వలన తెలుస్తుంది.

నెదర్లాండ్స్‌లో 2013లో ప్రచురించిన మరొక చిన్న అధ్యయనంలో, దీర్ఘ సెలవుపై వెళ్ళినవారి ఆరోగ్యం, ఉల్లాసం ఎనిమిదవ రోజు దాకా పెరుగుతూ వచ్చాయి. తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ లాభం తరిగిపోయింది. దీని నుండి రెండు సంగతులు గ్రహించవచ్చు. మనసు కుదుటపడడానికి కొన్ని రోజులు పడుతుంది. అలాగే, ఏడాదంతా పరుగెత్తి ఒక్కసారి విశ్రాంతి తీసుకుంటే సరిపోదు. రోజూ నిద్ర, వారానికి ఒక రోజు విరామం, ఏడాదిలో రెండు మూడు సార్లు సెలవు అవసరం.

బ్యాంకులు చెప్పే పాఠం

"నేను లేకపోతే పని ఆగిపోతుంది" అని చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. బ్యాంకు వ్యవస్థలో దీనిని గొప్పగా కాదు, ప్రమాదంగా చూస్తారు. రిజర్వు బ్యాంకు 2021 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది. కీలకమైన సీట్లలో పనిచేసే ఉద్యోగులను ఏడాదికి ఒకసారి, ముందుగా చెప్పకుండా, వరుసగా కనీసం 10 పని దినాలు సెలవుపై పంపాలి. ఆ రోజుల్లో సాధారణ ఆఫీసు మెయిల్ తప్ప, వారి పనికి సంబంధించిన కాగితాలు గానీ కంప్యూటర్ వ్యవస్థలు గానీ వారికి అందుబాటులో ఉండకూడదు. మోసాలను, పొరపాట్లను పట్టుకోవడం దీని ఉద్దేశం. కానీ ఇందులో మనందరికీ ఒక సంగతి ఉన్నది. కోట్ల రూపాయలు నడిచే సీటు కూడా పది రోజులు మరొకరి చేతిలో నడుస్తుంది. అలా నడిచేలా ఏర్పాటు చేసుకోవడం సంస్థ బాధ్యత.

సెలవులో పని చేస్తే అది సెలవేనా?

ఉపాధ్యాయుల విషయం చూడండి. వేసవి సెలవులు ఉంటాయి కనుక వారికి సంపాదిత సెలవులు ఇతర ఉద్యోగుల కంటే తక్కువ. కానీ ఆ వేసవిలోనే ఎన్నికల విధులో, మరొక ప్రభుత్వ పనో వచ్చి పడుతుంది. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికల పోలింగ్ జరిగింది సరిగ్గా వేసవి సెలవుల్లోనే. ఇలా అధికారికంగా విధుల్లో నియమించినందువలన వేసవి సెలవు కోల్పోయినవారికి, నిబంధనల ప్రకారం, దానికి బదులుగా సంపాదిత సెలవు జమ చేస్తారు. అంటే సెలవులో పని చేస్తే అది సెలవు కాదని ప్రభుత్వ నిబంధనే ఒప్పుకుంటున్నది.

ప్రైవేటు ఉద్యోగి పండుగ నాడు రెండు గంటలు లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆ గంటలు ఎవరి లెక్కలోనూ ఉండవు. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి 15 రోజులు జీతంతో కూడిన సెలవు హక్కుగా వస్తుంది. పని వేళల తరువాత ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుండి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుండి చట్టంలో చేర్చాయి. మన లోక్‌సభలో 2018 డిసెంబరులో సుప్రియా సూలే ఇటువంటి బిల్లును ప్రవేశపెట్టారు కానీ అది చట్టం కాలేదు.

అందరికీ ఇది సాధ్యమేనా?

సాధ్యం కాదు. బీడీలు చుట్టే అక్కకు, మగ్గం నేసే అన్నకు చేసిన పనికే కూలి వస్తుంది. పని ఆపితే ఆ రోజు ఆదాయం ఆగుతుంది. అటువంటివారికి పది రోజుల సెలవు తీసుకోమని చెప్పడం న్యాయం కాదు. కానీ వారానికి ఒక పూట, ప్రతి రాత్రి ఏడు గంటల నిద్ర, పని మధ్యలో లేచి నడవడం అయినా ఉండేలా ఇంట్లోవారు సహకరించాలి.

కరెంటు, నీళ్ళు, అంబులెన్సు, ఆసుపత్రి వంటి సేవలు పండుగ నాడు కూడా ఆగరాదు. అయినా వాటిని ఒకే మనిషి మోయడు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగేటప్పుడు ఏ రోగికి ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వాలి, ఎవరిని జాగ్రత్తగా చూడాలి అన్నీ రాసి, చెప్పి తరువాతి నర్సుకు అప్పగిస్తుంది. అప్పగింత సరిగా ఉంటే ఇంటికి వెళ్ళిన నర్సుకు ఫోన్ చేయవలసిన పని ఉండదు. ప్రాణాలతో కూడిన పనినే ఇలా అప్పగించగలిగినప్పుడు, మిగతా పనులను అప్పగించలేమా?

మీరు పాటించవలసిన సూత్రాలు

1. సెలవుకు వారం ముందే మిగిలిన పనుల జాబితా రాయండి. ఏ పని ఎవరు చూస్తారో పేర్లతో సహా రాసి అప్పగించండి. కాగితం మీదికి ఎక్కిన పని తలలో అంతగా తిరగదు.

2. మీరు ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఉండరో, మీ బదులు ఎవరిని అడగాలో అందరికీ తెలియజేయండి. మెయిల్‌లో కూడా ఆ జవాబు పెట్టండి.

3. అత్యవసరం అంటే ఏమిటో ముందే మాట్లాడుకోండి. అటువంటిది వస్తే మెసేజ్ కాకుండా ఒక్కరే ఫోన్ చేయాలని చెప్పండి.

4. అసలు చూడకపోతే కొందరికి ఆందోళన ఇంకా పెరుగుతుంది. అటువంటివారు రోజుకు ఒకసారి, నిర్ణయించుకున్న వేళకు, పావుగంట చూసి మూసివేయండి. పడుకునే ముందు మాత్రం చూడకండి.

5. ఆఫీసు గ్రూపుల శబ్దం ఆపివేయండి. భోజనం దగ్గర, డ్రైవింగ్‌లో ఫోన్ ముట్టవద్దు.

6. బి.పి., షుగర్ మందులు సెలవులో కూడా వేళకు వేసుకోండి. పండుగ భోజనం, మద్యం, రాత్రి జాగరణ మితిమీరితే సెలవే జబ్బు తెస్తుంది.

7. మీ కింద పనిచేసేవారు సెలవులో ఉంటే వారికి ఫోన్ చేసే ముందు, ఇది ఆగదా అని ఒకసారి ఆలోచించండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

సెలవు తరువాత కూడా అలసట తీరకపోవడం, పని పేరు వింటేనే విసుగు, చేసే పనిలో నమ్మకం పోవడం వంటివి బర్న్‌అవుట్ లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా గుర్తించింది. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, దిగులు తగ్గకపోయినా వైద్యుని సలహా తీసుకోండి. మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఛాతీలో నొప్పి, చెమటలు, మూతి వంకర పోవడం, ఒక వైపు చేయి కాలు బలహీనం కావడం, మాట తడబడడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రావాలి. "ఈ మీటింగ్ అయిపోయాక చూద్దాం" అని ఆగరాదు.

సెలవు సోమరితనం కాదు, చేసిన పనికి దక్కిన హక్కు. ఈసారి పండుగకు ఇంటికి వచ్చేటప్పుడు వీలైతే లాప్‌టాప్ బ్యాగు అక్కడే ఉంచి రండి. ఇంటివారు ఏడాదంతా ఎదురుచూసింది మీ కోసమే.